వాషర్ కింద మూడు చుక్కలు

“ఆపకు! ఆపావంటే మళ్ళీ మొదటికొస్తుంది!”

క్యాబిన్‌లోంచి ఆయన అరుస్తున్నాడు. కింద, ముందు చక్రానికీ ఇంజనుకీ మధ్య సందులో కుడి భుజం దూర్చి ఆమె చేతిపంపు కొడుతోంది. ట్యాంకులోంచి డీజిల్‌ని లాగే ఫీడ్ పంపు నెత్తిన ఉండే చిన్న బుడిపె అది. బొటనవేలితో అదమాలి, వదలాలి, మళ్ళీ అదమాలి. ఫిల్టరు మీద వదులు చేసిన స్క్రూ దగ్గర ముందు బుస్సుమని గాలి వస్తుంది, తర్వాత నురగ, ఇక రాదేమో అనుకున్నాక బుడగల్లేని డీజిల్. అప్పుడు స్క్రూ బిగించి “తిప్పండి” అనాలి. లారీని నడిపేది ఇంజను అని లోకం అనుకుంటుంది గానీ, రిపేరు షెడ్డు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆ లారీని నడుపుతున్నది ఆమె బొటనవేలు. అది వాచి, గోరు చుట్టూ నల్లబడి, ఇంట్లో గరిటె పట్టుకున్నా సలుపుతోంది.

“తిప్పండి.”

ఇంజను దగ్గింది, వణికింది, చల్లారింది.

“సరిగ్గా కొట్టలేదు నువ్వు. మళ్ళీ కొట్టు.”

ఆమె మళ్ళీ కొట్టింది. ఈసారి లారీ స్టాండంతా నల్లటి పొగ కక్కుతూ ఇంజను అందుకుంది. పక్క లారీ కింద పళ్ళు తోముకుంటున్నవాడు నోట్లో నురగతోనే ఏదో తిట్టాడు. పిండి మిల్లు గేటు తెరిచేవేళకి అక్కడ ఉండాల్సిన బండి ఇంకా స్టాండు దాటలేదు. ఈ వారంలో ఇలా కావడం ఇది మొదటిసారి కాదు.

స్టాండులో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. మొదట్లో అనుమానప్పక్షి అనేవాళ్ళు. రోజూ అంత పొడుగు మాట అనలేక పక్షి అని కుదించారు. టైరుకి గాలి పట్టించాక తన మీటరు తీసి మళ్ళీ కొలుస్తాడు. పాలల్లో నీళ్ళెంతో తేల్చడానికి టీ గ్లాసుని వెలుతురుకెత్తి చూస్తాడు. మెకానిక్కన్నవాణ్ణి బండి దరిదాపులకి రానివ్వడు. క్లచ్చీ బ్రేకులూ గేరుబాక్సూ అన్నీ తనే విప్పుకుంటాడు, తనే బిగించుకుంటాడు. పని బాగానే చేస్తాడు, ఆ మాట ఒప్పుకోవాలి. టార్చి పట్టేది, పానాలు అందించేది, దొర్లిపోయిన నట్టు కోసం నేల మీద పాకేది ఆమె.

ఫీడ్ పంపుని పక్కన అంటిపెట్టుకుని, ఇంజనుకి డీజిల్ కొలిచి అందించే పెద్ద డీజిల్ పంపొక్కటే ఆయనకి లొంగలేదు. దాన్ని మిషను మీద బిగించి తిప్పి సరిచూడాలి. అలాంటి మిషను ఊరంతటికీ ఒక్క షెడ్డులోనే ఉంది. ఆ షెడ్డు ఆమె తమ్ముడిది. అక్కడ మొదలైంది గొడవ.

ఆ ఉదయం ఇంజను వేడెక్కేదాకా టీ కొట్టు ముందు నిలబడి ఆయన నలుగురికీ వినపడేలా అన్నాడు. “ఫీడ్ పంపు మార్చేశాడు. నా మంచి పంపు పీకి ఎవరి బండిలోనో పెట్టుకుని, నాకు చచ్చింది తగిలించాడు. పీకల దాకా కోపం వస్తోంది. సొంత బావమరిది అని పంపించాను చూడు, నన్ననాలి.”

“బావమరిది బతకగోరతాడంటారు కదయ్యా,” అన్నాడు పెద్ద డ్రైవరు. స్టాండులో తగువులు తీర్చే మనిషి ఆయన.

“గోరతాడు, గోరతాడు. తను బతకాలని గోరతాడు.”

అందరూ నవ్వారు. ఆ నవ్వులోకే తమ్ముడు మోటారుసైకిలు దిగాడు. ఎవరు చెప్పారో ఏమో, చేతికి గ్రీజు అలాగే ఉంది. ఆమె కొంగుతో వేలు దాచుకుంది. ఎందుకు దాచిందో ఆమెకీ తెలియదు.

“బావా, ఏదో అంటున్నావట. నా మొహం మీద అను.”

“గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను పేరెత్తకముందే వచ్చావే!”

“పేరెత్తకపోతే నా షెడ్డు ముందు రెండు బండ్లు ఎందుకు వెనక్కి తిరిగాయి? అక్కడ పార్టులు మారుస్తారట అని ఎవరు చెప్పారు వాళ్ళకి?”

“నిజమైతే తిరుగుతాయి.”

“నిజమని రుజువేంటి?”

ఆయన అందుకోసమే కాచుకుని ఉన్నట్టు నవ్వాడు. “గుర్తు పెట్టానురా. నీ దగ్గరికి బండి పంపేముందు నా పంపు మీద గుర్తు కొట్టి పంపాను. ఎక్కడో నీకు తెలీదు. ఆదివారం పొద్దున ఇక్కడే, ఇంతమంది ముందు విప్పుతా. గుర్తుంటే సరే. గుర్తు లేకపోతే దొంగే. దొంగ గుమ్మం నా ఇంటివాళ్ళెవరూ తొక్కరు, ఇప్పుడే చెబుతున్నా.”

తమ్ముడు అక్క వైపు చూశాడు. ఆమె ఏదో అంటుందని ఎదురుచూశాడు కాబోలు. ఆమె ఏమనగలదు? అడకత్తెరలో పోకచెక్కని ఎటువైపంటే ఏం చెబుతుంది?

“రా, ఎక్కు. ఆలస్యమైంది,” అన్నాడు ఆయన. ఆమె ఎక్కింది.

మిల్లు గేటు దగ్గర గుమాస్తా చేతి గడియారం చూపించి వరుసలో అన్నిటికన్నా వెనక్కి పంపాడు.

శనివారం సాయంత్రం వంటింట్లో స్టవ్వు మీద కూర దించగానే ఆయన వచ్చి కూచున్నాడు. ఆ ఇంట్లో స్టవ్వు కూరకెంతో రాగి వాషర్లకీ అంత. ఒకసారి బిగించిన వాషరు గట్టిపడుతుంది, మళ్ళీ వేస్తే సరిగ్గా అతుక్కోదు. ఎవరైనా పారేసి కొత్తది కొంటారు. ఆయన పట్టకారుతో మంట మీద ఎర్రగా కాల్చి, నీళ్ళలో చుయ్యిమనిపించి, మెత్తబడ్డాక నున్నటి ఇనప ముక్క మీద సుత్తితో తట్టి మళ్ళీ వాడతాడు. ఆ విద్య ఆమెకీ పట్టుబడింది. ఆయనకి నిద్ర ముంచుకొచ్చిన రోజుల్లో ఆమే కాల్చేది.

“రేపు నిజంగా విప్పుతారా?” అంది.

“విప్పక?”

“మనిద్దరమే విప్పి చూసుకోవచ్చుగా ముందు. గుర్తుంటే అసలు ఆ మాటే ఎత్తక్కర్లేదు.”

“నువ్వు చూస్తే వెళ్ళి వాడికి చెప్పావనుకుంటారు. అందరి ముందే చూడాలి.”

ఆమెకి ఒళ్ళు మండింది. వాషరు నీళ్ళలో పడి చుయ్యిమంది.

“ఎక్కడ కొట్టారు గుర్తు?”

ఆయన కాసేపు తటపటాయించాడు. చెబితే బావుంటుందనీ ఉంది, చెప్పకపోతే మంచిదనీ ఉంది. గొప్ప చెప్పుకోవాలన్న కోరికే గెలిచింది. “బాడీ మీద కొడితే వాడు చూస్తాడు. చూసి, దొంగ పంపు మీదా అలాంటిదే కొడతాడు. అందుకని పైపు వచ్చి పంపుకి బిగిసే చోట, వాషరు కూర్చునే మొహం మీద కొట్టాను. పంచ్ మొన ఆనించి సుత్తితో మూడు చుక్కలు. మీద వాషరు మూసేస్తుంది. బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు.”

“డీజిల్ కారదా అక్కడ?”

“కారుతోందా? నువ్వే చూస్తున్నావు కదా రోజూ. ఒక్క చుక్క కారడం లేదు. లీకు లేదు, పంపు మార్చాడు. అంతే.”

డీజిల్ కారకపోవడం నిజమే. రోజూ భుజం దూర్చే ఆమెకి ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు. పంపు పొడిగా, దుమ్ముపట్టి ఉంటుంది. ఆ రాత్రి ఆమె తమ్ముడు దొంగ కాకూడదని కోరుకుంటూ పడుకుంది. అయితే ఏం చెయ్యాలో మాత్రం తేలలేదు.

ఆదివారం స్టాండులో ఒక్క బండి కదల్లేదు. తగువు చూడటానికి పెట్టుబడి అక్కర్లేదు కదా, అందరూ వచ్చారు. తమ్ముడు చేతులు కట్టుకుని లారీ బంపరుకి ఆనుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. పని బట్టల్లో వస్తే తనే చెయ్యి పెట్టి ఏదో మార్చాడంటారని భయం.

ఆయన గోనెపట్టా పరిచి పడుకుని దూరాడు. ఆమె పానా అందించింది. పైపు చివర ఉంగరాన్ని పంపుకి బిగించిన బోల్టు, నడుమ చిల్లున్నది, కిర్రుమంటూ వదులైంది. బోల్టు, వాషరు, పైపు వరసగా ఆమె చేతిలోకి వచ్చాయి.

“టార్చి ఇక్కడ. ఇక్కడ!”

ఆమె టార్చి వేసింది. తెల్లటి లోహం మొహం మీద, అంచుకి దగ్గరగా, మూడు చుక్కలు. వరసగా, మిలమిలా.

ఆమె గుండెల మీంచి రోలు దిగినట్టైంది. తమ్ముడు దొంగ కాదు. ఆ మాట గట్టిగా అరవాలనిపించింది. ఆయన మాత్రం కిందే ఉండిపోయాడు. చుక్కల్ని వేలితో తడిమి, గుడ్డతో తుడిచి, మళ్ళీ చూశాడు.

“ఏమైందయ్యా, ఉందా లేదా?” అన్నాడు పెద్ద డ్రైవరు.

“ఉంది.”

“గట్టిగా చెప్పు.”

“ఉంది!” ఆయన బయటికి జరిగి లేచాడు. వీపు నిండా మట్టి. ఎవరో కిసుక్కున నవ్వారు.

“మరిప్పుడేమంటావు బావా?” అన్నాడు తమ్ముడు.

తప్పైంది అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో ఆయన చేతులు తుడుచుకున్నాడు. “ఇది మార్చలేదు, సరే. ఇదొక్కటే కదా గుర్తు పెట్టింది. లోపల స్ప్రింగులు మార్చావో, వాల్వులు మార్చావో నాకేం తెలుసు? నీ చేతికి వెళ్ళేదాకా నా బండి గుక్కెడు గాలి తాగలేదు. నీ దగ్గర్నుంచి వచ్చాకే ఈ రోగం. నా మాట నాదే. ఆ గుమ్మం తొక్కం.”

“గాలి ఎక్కడ్నుంచి వస్తోందో చెప్పు మరి, మెకానిక్కువి,” అని ఎవరో తమ్ముణ్ణి అడిగారు.

తమ్ముడు నోరు తెరిచాడు. ఆమె చేతిలో వాషరు వైపు ఒకసారి చూశాడు. నోరు మూశాడు.

ఆ చూపు ఆమె పట్టుకుంది. జనం చెదిరేలోపు తల వంచి వాషరు వెలుగులో తిప్పింది. ఒకవైపు నున్నగా ఉంది. రెండోవైపు చుక్కలకి ఎదురుగా చిన్న నొక్కులు. పంచ్ దిగినప్పుడు ప్రతి గుంట చుట్టూ లోహం గట్టులా లేస్తుంది, ఆ గట్లు వాషరుని లేపి పట్టాయి. చివరి చుక్క దగ్గర్నుంచి అంచు దాకా వెంట్రుకంత నల్లటి గీత. బయటి దుమ్ము లోపలికి నడిచి వెళ్ళిన దారి అది. ఆమె గోటితో గీకింది. గోటికి నల్లటి దుమ్ము అంటింది.

“ఇలా ఇవ్వు,” అని ఆయన వాషరు లాక్కున్నాడు. దాన్ని గుడ్డతో తుడిచేసి, నిన్న కాల్చినది వేసి, తన బలమంతా పెట్టి బిగించాడు.

ఆ మధ్యాహ్నం, ఆయన అన్నం తిని నడుం వాల్చాక, ఆమె తొక్కకూడదన్న గుమ్మం తొక్కింది. తమ్ముడు షెడ్డులో ఒక్కడే ఉన్నాడు. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. నిలబడటానికి చోటు దొరకనట్టుండే ఆ ఆవరణలో బండి అన్నది లేదు.

“చూశావా, లేదా?” అంది.

“ఏంటక్కా?”

“నాటకాలొద్దురా. ఆ చుక్కలు.”

తమ్ముడు స్టూలు జరిపాడు. ఆమె కూచోలేదు.

“చూశాను,” అన్నాడు. “తిరిగి బిగించేటప్పుడు చూశాను. కొత్త పంచ్ దెబ్బలు. ఎందుకు కొట్టాడో అర్థం కాకపోతుందా? పదేళ్ళ పిల్లాడికైనా అర్థమవుతుంది. నన్ను దొంగనుకుని నా షెడ్డుకి పంపాడు.”

“అక్కడ గాలి పీలుస్తుందని నీకు తెలుసు.”

“తెలుసు. ట్యాంకు నుంచి లాక్కునే వైపు కదా, బయటికి డీజిల్ కారదు, బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. పొద్దుటికల్లా డీజిల్ వెనక్కి జారిపోతుంది. తెలిసే వాషరు పెట్టి బిగించాను. రెండు రోజుల్లో తిరిగొస్తాడు, అప్పుడు చుక్కలు చూపించి అడుగుదామనుకున్నా. బావ రాలేదు. స్టాండెక్కి నా పరువు తీశాడు.”

“మరి ఇందాక చెప్పలేకపోయావా, అంతమందిలో?”

“చెబితే? చూసి కూడా అలాగే బిగించాడంటారు. ఇక ఎవడు తెస్తాడు బండి నా దగ్గరికి?”

ఆమె కొంగు కిందనుంచి కుడి చెయ్యి తీసి అతని మొహం ముందు పెట్టింది. బొటనవేలు రెండోదానికన్నా లావుగా, ఊదారంగులో ఉంది.

“పొద్దున్నే చక్రం సందులో దూరి ఆ పంపు కొట్టేది మీ బావ అనుకున్నావా?”

తమ్ముడు ఆ వేలు చూశాడు. ముట్టుకోబోయి, తన చేతి జిడ్డు చూసుకుని ఆగిపోయాడు. “నాకు తట్టలేదక్కా. నిజంగా తట్టలేదు.”

“మీ ఇద్దరికీ తట్టలేదు. మీ బావ నిన్ను దొంగన్నాడు, అది పాపం. నువ్వు దొంగవి కాదు. కానీ చూసి కూడా ఊరుకున్నావు చూడు, దాన్నేమంటారో నువ్వే చెప్పు.”

“బండి తీసుకురా. అరగంటలో చేసిస్తాను.”

“ఆయన తేడు. నువ్వు రావు. నూనెరాయి ఎక్కడుంది?”

బల్ల మీద ఉన్న, లోహాన్ని నున్నగా అరగదీసే నూనెరాయినీ ఒక కొత్త రాగి వాషరునీ ఆమే తీసుకుంది. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అన్నాడు, “చిల్లులో గుడ్డ కుక్కు, పొడి లోపల పడకుండా.”

“తెలుసు,” అంది. తిరిగి చూడలేదు.

ఎండకి స్టాండు కునుకుతోంది. ఎవడో బండి కింద ఊయల కట్టుకుని గురక పెడుతున్నాడు. ఆమె గోనెపట్టా పరుచుకుని దూరింది. పానాకి చిన్న పైపు తొడిగి లాగింది. ఆయన కసిగా బిగించిన బోల్టు మూడో పట్టుకి కదిలింది. చిల్లులో గుడ్డముక్క కుక్కి, రాయి మీద డీజిల్ చుక్కలు వేసుకుని, చుక్కలున్న మొహం మీద గుండ్రంగా రుద్దడం మొదలెట్టింది. కుడి వేలు మొరాయిస్తే ఎడమ చేత్తో రుద్దింది. మధ్యమధ్య మూకుడు అడుగు నుంచి తెచ్చిన మసి పూసి మళ్ళీ రుద్దేది. మసి పోయిన చోట ఎత్తు, మిగిలిన చోట పల్లం. బ్రేకు సిలిండర్లకి ఆయన అలా చేస్తుంటే ఎన్నిసార్లు టార్చి పట్టలేదు? ముందు గట్లు పోయాయి. గుంటలు చాలాసేపు సతాయించాయి. ఒక్కో చుక్కా పలచబడి మాసిపోతుంటే, ఎవరి మీద ఎంత కోపమొచ్చిందో ఆమెకే తెలియలేదు. ఆయన మీద, తమ్ముడి మీద, ఇన్నాళ్ళూ అడగకుండా పంపు కొట్టిన తన వేలి మీద కూడా.

మసి అంతటా సమంగా పోయాక తుడిచి, గుడ్డ లాగేసి, కొత్త వాషరు పెట్టి బిగించింది. చేతిపంపు కొట్టి గాలి తీసింది. ఇదే ఆఖరుసారి అనుకుంటూ కొట్టింది. ఇంటికెళ్ళి ఆయనకి టీ పెట్టింది. ఏమీ చెప్పలేదు.

సోమవారం పొద్దున ఆయన క్యాబిన్ ఎక్కాడు. ఆమె అవతలి తలుపు తీసుకుని పక్కసీట్లో కూచుంది.

“కూచున్నావేం? దిగు. పంపు కొట్టు.”

“అక్కర్లేదు. తిప్పండి.”

“పొద్దున్నే నాతో...”

“తిప్పండి ముందు.”

ఆయన విసుగ్గా తాళం తిప్పాడు. తిప్పిన చెయ్యి తీయకముందే ఇంజను అందుకుంది. దగ్గలేదు, పొగ కక్కలేదు. పక్క లారీవాడు నోట్లో బ్రష్షుతో అలాగే ఆగిపోయాడు. టీ కొట్టు దగ్గర పెద్ద డ్రైవరు తల తిప్పాడు. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, రెండూ మింగింది.

ఆయన ఇంజను చప్పుడు విన్నాడు. మొహం విచ్చుకోలేదు, ముడుచుకుంది.

“వాడొచ్చాడా?”

“ఎవరూ రాలేదు. నేనే చేశాను.”

“ఏం చేశావు?”

“గాలి వచ్చే దారి మూశాను.”

ఆయన ఆమెని ఎగాదిగా చూశాడు. ఇంజను ఆపేశాడు.

“ఎందుకాపారు? గేటు తెరిచే టైమైంది.”

“ఏం చేశావో చూడొద్దూ?”

“విప్పకండి. నడుస్తోంది కదా. మధ్యాహ్నం చూడండి, రేపు చూడండి. ఇప్పుడు విప్పకండి.”

“చూడకుండా ఎలా నమ్మమంటావు?” అని పానా తీసుకుని దిగాడు.

ఆమె కదల్లేదు. కింద బోల్టు కిర్రుమనడం వినిపించింది. తర్వాత చిన్న నిట్టూర్పులా గాలి లోపలికి పోయిన చప్పుడు.

“నా గుర్తేది?” ఆయన గొంతు లారీ కింద నుంచి వచ్చింది. తర్వాత మనిషి వచ్చాడు. “పంపు మీద నా గుర్తు ఏదే? పంపు మార్చారు! మీ అక్కాతమ్ముళ్ళు కలిసి మార్చారు!”

టీ గ్లాసులతో నలుగురు దగ్గరికొచ్చారు. ఆమె కిటికీలోంచి తల బయట పెట్టింది. గొంతు పెంచలేదు గానీ అందరికీ వినపడింది.

“మార్చలేదు. అరగదీశాను. వాషరు కూచునే చోట పంచ్ కొట్టింది మీరు. వాషరు అతుక్కోక గాలి పీల్చింది ఆ చుక్కల్లోంచే. మా తమ్ముడు చూశాడు, కోపంతో చెప్పకుండా బిగించాడు, వాడికి చెప్పాల్సింది వాడికి చెప్పాను. మీ ఇద్దరి పౌరుషానికీ మధ్య పంపు కొట్టింది నేను.”

పెద్ద డ్రైవరు వంగి, టార్చి అడిగి తీసుకుని, పంపు మొహం చూశాడు. లేచి పక్కకి తప్పుకున్నాడు.

“అయినా మీ మాట మీదే కదా,” అంది ఆమె. “గుర్తు లేకపోతే దొంగే అన్నారు, ఇదే చోట, ఇంతమంది ముందు. ఇప్పుడు గుర్తు లేదు. పోగొట్టింది నేను. దొంగ గుమ్మం తొక్కనన్నారు. మరి సాయంత్రం ఎవరి గుమ్మం తొక్కుతారు?”

ఎవరూ నవ్వలేదు. ఆయన చేతిలో పానా ఉంది, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు పట్టుకున్నాడు. మిల్లు వైపు వెళ్ళే లారీలు ఒక్కొక్కటే స్టాండు దాటుతున్నాయి. కాసేపటికి ఆయన మళ్ళీ కింద దూరి, పైపు పెట్టి బోల్టు బిగించాడు. గాలి లోపలికి వెళ్ళిపోయింది కాబట్టి ఇంజను ఇప్పుడు దానంతటది అందుకోదు. అది ఆయనకీ తెలుసు.

“దిగు,” అన్నాడు కింద నుంచి. గొంతులో పాత పదును లేదు. “ఒక్కసారి పంపు కొట్టు. ఇదే ఆఖరు.”

ఆమె సీటు మీద జరిగింది. స్టీరింగు వెనక కూచుని ఎడమ చేత్తో తాళం పట్టుకుంది. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

“మీరే కొట్టండి,” అంది.

ఇంజను కింద నుంచి చేతిపంపు చప్పుడు మొదలైంది, తడబడుతూ, అలవాటు లేని వేలి కింద. స్క్రూ దగ్గర బుస్సుమంది. నురగ వచ్చింది. చప్పుడు నెమ్మదించి ఆగబోయింది.

“ఆపకండి,” అంది ఆమె పైనుంచి. “ఆపారంటే మళ్ళీ మొదటికొస్తుంది.”